మంచు మీద కళ్లాపి

1981 డిసెంబరు. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ట్రాక్టర్ల షాపులో మెకానిక్‌ని. ఎండాకాలమంతా రిపేర్లు, చలికాలమంతా ఇళ్ల ముందు డ్రైవ్‌వేల మీద మంచు తీయడం. నా ట్రాక్టర్‌కి ముందు స్నో బ్లోయర్ ఉండేది, మంచును మింగి గొట్టంలోంచి పక్కకు విసిరేది. వెనక రేర్ బ్లేడ్, మన పొలాల్లో గుంటక లాంటిది, నేలను గీరుకుంటూ వస్తుంది. మెత్తటి మంచుకు బ్లోయర్ చాలు. ఐసు గడ్డకడితే మాత్రం బ్లేడే దిక్కు.

ఒక శనివారం పొద్దున్నే డాక్టర్ ప్రసాద్‌గారు ఫోన్ చేశారు. ఆ వేసవిలోనే మా ఊరి ఆస్పత్రిలో చేరారు. ఆయనా, ఆయన భార్య సుభద్రగారూ, ఒంటిగాణ్ణి నేనూ తప్ప ఊళ్లో తెలుగువాళ్లు లేరు. ఆస్పత్రి నుంచి ఎమర్జెన్సీ కాల్ వస్తే కారు తీశారట, అది గరాజ్ దాటగానే జారి అడ్డం తిరిగిందట. ముందురోజు ఆ డ్రైవ్‌వే శుభ్రం చేసింది నేనే. రాత్రి చినుకు కూడా పడలేదు. ఐసు ఎక్కణ్ణించి వచ్చిందో అంతుపట్టలేదు.

వెళ్లి ఇసుక చల్లి, కారును దారిలో పెట్టి ఆయన్ని సాగనంపాను. ఎక్కబోతూ గొంతు తగ్గించి, సుభద్ర ఇండియా వెళ్లిపోతానంటోంది, రోజూ టికెట్ కొనమంటోంది, కాస్త మాట్లాడి చూడండి అన్నారు.

ఆవిడ చీర మీద భర్త కోటు వేసుకుని మెట్ల మీదకి వచ్చారు. ఇక్కడ నీళ్లెవరు పోశారమ్మా అని అడిగాను.

"నేనే అన్నయ్యగారూ. ధనుర్మాసం కదా, ముగ్గేద్దామని కళ్లాపి చల్లాను."

నీళ్లు చేతిలోనే గడ్డకట్టే చలిలో కళ్లాపి! నవ్వు ఆగలేదు. ఆవిడా నవ్వబోయి ముఖం తిప్పుకున్నారు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో. మా అమ్మ పేడనీళ్లు చల్లే చప్పుడు, ఆ తడిమట్టి వాసన చుట్టుముట్టి నాకూ ఏడుపొచ్చినంత పనయింది.

మంచు మీద ముగ్గు వేస్తే తెలుపు మీద తెలుపు, కనబడి చావదు. అందుకని బ్లేడును ఏటవాలుగా తిప్పి, ఐసును పెళ్లలు పెళ్లలుగా లేపి, నల్లటి తారు బయటపడేదాకా గీరాను. ఏ కస్టమరూ అంత అడగడు.

గరాజ్ మూలన మిగిలిన కుప్ప తీసి ట్రాక్టర్ తిప్పేసరికి, నాకూ రోడ్డుకూ మధ్య ముగ్గు! బియ్యప్పిండి దొరక్క మైదాపిండితో వేశారు. మెలికల ముగ్గు, ఎక్కడా చెయ్యి వణకలేదు. పక్కనుంచి పోదామంటే రెండువైపులా నేను విసిరిన మంచే నడుమెత్తు గోడ కట్టింది. ఇంజను ఆపేశాను.

"జారకుండా చైన్లు కట్టిన టైర్లమ్మా. మొత్తం చెరిగిపోతుంది."

"చెరగనీండి అన్నయ్యగారూ. మన వీధిలో ముగ్గుల మీంచి బండ్లు పోవూ? ఇక్కడ తొక్కేవాళ్లేరి? వెళ్లిపోతాననేది అందుకే."

నా గుమ్మం తొక్కేవాళ్లు మాత్రం ఎవరున్నారు? ముగ్గు మీదుగానే ట్రాక్టర్ నడిపాను. రోడ్డు పక్కన ఆపి, దిగి, వెనక్కి నడిచివెళ్లి, కాస్త కాఫీ ఇస్తారా అని అడిగాను.

సుభద్రగారు ఆ చలికాలం వెళ్లలేదు. దారి తీసేది లోపలివాళ్లు బయటపడడానికే అనుకునేవాణ్ణి. పని కాగానే వెళ్లిపోకూడదని ఆ వాకిట్లో నేర్చుకున్నాను.