సారు అలలు, మా వడ్లు

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. కానీ మా సారు అలల గురించి ఎవరో ఒకరు రాయాలి. ఆయన రాయడు. ఆయనకు వాటిని చూడ్డానికే పొద్దు చాలదు.

పట్నం శివార్లలో లాల్‌గడి మలక్‌పేట్ దాటాక ఒక కొత్త వెంచర్ ఉంది. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి గానీ ఇల్లు ఒక్కటే లేచింది. అది మా సారుది. యాప్రాల్‌లో సొంతిల్లు ఉండగా ఇక్కడ తోట, ఈత కొలను, పెద్ద వరండా పెట్టి ఇంకోటి కట్టుకున్నాడు. నెలలో సగం రోజులు ఇక్కడే ఉంటాడు. వండడం, ఊడ్వడం, తుడవడం నా పని.

సంవత్సరానికి రెండుసార్లు ఆయన విమానమెక్కి ఒక దీవికి పోతాడు. అక్కడ సముద్రంలో ఒక చెక్క మీద నిలబడతాడు. చెక్క అంటే ఆయనకు కోపం, బోర్డు అనాలి. అల వచ్చి ఆయన్ను మోస్తుంది. ఆయన కాసేపు నిలబడతాడు, తర్వాత పడిపోతాడు. మళ్లీ ఈదుకుంటూ వెనక్కి పోయి ఇంకో అల కోసం కూర్చుంటాడు. జన్మలో ఒక బిందె నీళ్లు మోయని మనిషి, నీళ్లు తనను మోయాలని అంత దూరం పోతాడు.

పోని రోజుల్లో ఆ అలల్ని ఫోనులో చూస్తాడు. ఫోనంటే చిన్నది కాదు, బడి పలకంత ఉంటుంది. పొద్దున దాన్ని టీ కప్పు పక్కన నిలబెట్టి, వచ్చే మూడు నాలుగు రోజులు ఆ దీవి దగ్గర అలలు ఎంత ఎత్తు లేస్తాయో, గాలి ఎటు నుంచి వస్తుందో, ఎండో వానో చదువుతాడు. మేడమ్ వినదు. ఆమె చెవుల్లో ఎప్పుడూ ఏవో పెట్టుకునే ఉంటుంది. అందుకని నాకు చెబుతాడు.

"రేపు ఐదడుగులమ్మా. పన్నెండు సెకండ్లు."

"అట్లనా సార్," అనేదాన్ని మొదట్లో.

మూడు నెలలు వింటే గోడకైనా వస్తుంది. నాకూ వచ్చింది. అల ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, ఒక అలకూ దాని వెనక అలకూ మధ్య ఎన్ని సెకండ్లో చూడాలి. సెకండ్లు ఎక్కువుంటే అది ఎక్కడో దక్షిణాన తుఫానులో పుట్టి రోజుల తరబడి నడిచొచ్చిన అల, బలం ఉంటుంది. తక్కువుంటే పక్కనే పుట్టిన చిల్లర అల. పొద్దున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తే అల ముఖం నున్నగా ఉంటుంది. మధ్యాహ్నం గాలి తిరిగితే చెదిరిపోతుంది. నీళ్ల కింద ఇసుక ఉండదు, పగడపు రాయి ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ రాయి మీద నీళ్లు మోకాలి లోతే. అప్పుడు పడితే వీపు చీరుకుపోతుంది. సారు వీపు మీద అలాంటి గీతలు నాలుగున్నాయి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చొక్కా ఎత్తి చూపిస్తాడు. మా ఆయన పిక్కకు కొడవలి దిగిన మచ్చ ఉంది. అది చూపించమని ఎవరూ అడగలేదు.

నీళ్లు గోరువెచ్చగా ఉంటాయట. "వేరే దేశాల్లో అయితే రబ్బరు బట్టలు వేసుకోవాలి. అక్కడ అక్కర్లేదమ్మా, గీజర్ నీళ్లలా ఉంటాయి," అన్నాడు ఒకసారి.

"మన శామీర్‌పేట చెరువుల లెవ్వా సార్ అలలు?"

నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. తుడిచింది నేను.

బోర్డును హాల్లో గోడ కొక్కేలకు దేవుడి పటంలా తగిలించాడు. మనిషికంటే పొడుగు, తెల్లగా, చెయ్యేస్తే చెంపలా నున్నగా ఉండేది. నీళ్లు తగలని పొడి బట్టతో తుడవాలని నాకు చెప్పాడు. సముద్రంలో తిరిగే వస్తువుకు పొడి బట్ట. సరే అన్నాను.

సారు ఫోనులో చూసే ఆ అలల పేజీలో అంకెల పైన బొమ్మలు ఉంటాయి. ఎండకు సూర్యుడు, వానకు మబ్బు కింద చుక్కలు. మంచి రోజయితే కింద ఆకుపచ్చ, పాడు రోజయితే ఎరుపు. ఇంగ్లిషు రాకపోయినా అంకెలూ బొమ్మలూ నాకు అర్థమయ్యేవి. సారు చెప్పకముందే నేను చెప్పేదాన్ని. "ఇయ్యాల మంచిగున్నది సార్." ఆయన మెచ్చుకునేవాడు. ఆ మెప్పే నా కొంప ముంచింది.

ఎండాకాలం యాసంగి కోతలు వచ్చాయి. మాది కౌలు పొలం. మిషన్ పెట్టి కోయించాం. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, అలాగే కొనుగోలు సెంటరుకు తీసుకుపోతే తేమ చూసే మిషన్ పెట్టి వెనక్కి పంపిస్తారు. అందుకని ఎండబెట్టాలి. మా దగ్గర కల్లాలు పోయి చాలా రోజులైంది. వెంచర్ల వాళ్లు పొలాలు కొని రోడ్లు వేస్తారు, పొలాలు మిగిలిన వాళ్లం ఆ రోడ్ల మీద వడ్లు పోసుకుంటాం. ఏ కరెంటు స్తంభం నుంచి ఏ స్తంభం దాకా ఎవరి జాగానో ఎవరూ రాసుకోలేదు గానీ అందరికీ తెలుసు. చుట్టూ రాళ్లు పెడతాం. గంటకోసారి వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి చాళ్లు తీస్తాం. మా జాగా సరిగ్గా సారు గేటు ముందే. కారు తీసినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించేవాడు, టైర్లకు వడ్లు అంటుతాయని.

మా పక్క జాగా చాచాది. ఊళ్లో మసీదు వెనక ఉంటాడు, ముసలాయన, మాట సగం ఉర్దూ సగం తెలుగు. ఆయనది వింత అలవాటు. మబ్బు చూడడు, ఫోను చూడడు. నమాజుకు లేచినప్పుడల్లా వడ్లన్నీ కుప్పజేసి టార్పాలిన్ పరదలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి పోతాడు. మండే ఎండలో కూడా. వచ్చి మళ్లీ పరుస్తాడు. రోడ్డు మీద అందరం నవ్వేవాళ్లం.

"ఎండల కప్పితే వడ్లు ఉడుకుతయి చాచా," అన్నాడు మా ఆయన.

"ఉడకనీ బేటా. ఉడికితే తింటం. కొట్కపోతే ఏం జేస్తం?"

మా వడ్లకు ఇంకా రెండు రోజుల ఎండ కావాలి. మూడో రోజు సెంటర్లో మా వంతు. మా ఆయన నన్ను అడిగాడు.

"ఏమే, మీ సారు ఫోన్ల జర జూడు. వానుందా లేదా?"

మర్నాడు పొద్దున సారు ముందు టీ పెడుతూ చూశాను. వరుసగా మూడు సూర్యుళ్లు. కింద ఆకుపచ్చ. అయినా అడిగాను.

"సార్, మూడ్రోజులు వాన లేదు గదా?"

ఆయన తలెత్తలేదు. "చుక్క కూడా లేదమ్మా. మూడ్రోజులూ క్లీన్. మంచి ఎండ, పొద్దున గాలి నేల మీంచి. నేనక్కడ లేకపోవడమే నా కర్మ."

నేనక్కడ లేకపోవడమే, అన్నాడు. నా చెవులతో విన్నాను. ఆ పేజీ ఏ ఊరిదో నాకు తెలుసు. మూడు నెలలుగా తెలుసు. అయినా ఆ పొద్దున ఆ మూడు సూర్యుళ్లూ నాకు మా రోడ్డు మీదే కనబడ్డారు. ఎందుకంటే ఎవరూ చెప్పకుండా నేనే చదివాను. అరకొర చదువు వాళ్లకు ఇదో రోగం. చదవగలిగిందల్లా మన కోసమే రాశారనుకుంటాం.

రోడ్డు మీదికి పోయి చెప్పాను. నెమ్మదిగా చెప్పానా అంటే లేదు, నలుగురికీ వినబడేట్టు చెప్పాను. "మూడ్రోజులు సుక్క పడది. సారు ఫోన్ల జూసిన."

చాచా గడ్డం గోక్కున్నాడు. "మూడు సూర్యుళ్లు నీ దగ్గరుంటే, బేటీ, ఇగ మీకు పరదలెందుకు? నాకియ్యిండ్రి. నావి చిరిగినయ్."

మా ఆయన గొప్పకు పోయి రెండు పరదలూ మడిచి ఇచ్చేశాడు. అక్కడితో ఆగలేదు. మర్నాడు, ఎండే కదా అని, పట్నంలో సుచిత్ర దగ్గర ఉండే వాళ్ల చెల్లె ఇంటికి భోజనానికి బయలుదేరాడు. వడ్లు రోడ్డు మీద ఉంటే చెల్లె చేతి కోడికూర గుర్తొచ్చే మనిషి.

ఆ మధ్యాహ్నం సారు వాళ్లు తిన్నాక గిన్నెలు తోముతున్నాను. కిటికీ తలుపు టప్పున కొట్టుకుంది. మేడ్చల్ వైపు ఆకాశం ఇనుప పెనంలా నల్లబడింది. దుమ్ము లేచింది. వరండాలో సారు చేతులు చాచి నిలబడి గాలిని అనుభవిస్తున్నాడు.

"చూశావామ్మా, గాలి ఎంత బాగుందో. ఇదే గాలి అక్కడుంటేనా..."

"సార్, వానొస్తాంది."

"అవునా?" అన్నాడు, ఆకాశాన్ని మొదటిసారి చూసినట్టు.

సబ్బు చేతులతోనే ఉరికాను. నేను గేటు దాటేలోపే రాళ్లలాంటి చినుకులు మొదలయ్యాయి. వడ్లు రోడ్డు నిండా పల్చగా పరిచి ఉన్నాయి. అప్పుడే నమాజు చేసి వచ్చిన చాచా తన కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. కుప్ప మీద ఆయన పరదలు, వాటి మీద మా పరదలు.

"నూకు, నూకు, కుప్పజెయ్," అని అరిచాడు, మా పరద ఒకటి లాగుతూ.

దేనితో నూకాలి? వడ్లు నూకే చెక్క పలక మా ఇంట్లో ఉంది. ఇల్లు ఊరికి ఆ చివర. చేతులతో ఎంత నూకినా వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. నీళ్లు అప్పటికే రోడ్డు వాలు పట్టి మోరీ కాలువ వైపు పారుతున్నాయి, నీళ్ల మీద వడ్లు. అప్పుడు నాకు గోడ మీది బోర్డు గుర్తొచ్చింది.

అడగలేదు. హాల్లోకి ఉరికి కొక్కేల మీంచి ఎత్తి చంకలో పెట్టుకుని వచ్చాను. చూడ్డానికి అంత ఉంది గానీ బరువే లేదు. అంచు మీద నిలబెట్టి ఆ కొస చాచా, ఈ కొస నేను పట్టుకుని నూకడం మొదలుపెట్టాం. పలక కంటే బాగా పనిచేసింది, అది ఒప్పుకోవాలి. ఒక్క నూకుకు గంపెడు వడ్లు కదిలాయి.

సారు గొడుగేసుకుని వచ్చాడు. "అమ్మా, అది బోర్డు. గీతలు పడతాయమ్మా. రోడ్డు మీద ఈడ్వకూడదు."

చాచా ఆగలేదు. "నీళ్ల మీద నడుస్తదంటిరి గద సార్. నడుస్తాంది సూడుండ్రి."

సారుకు ఏం చేయాలో తెలియలేదు. పరద ఇంకో కొస పట్టుకోవచ్చు. ఒక రాయి ఎత్తి అంచు మీద పెట్టొచ్చు. ఆయన మాత్రం మా పక్కనే నడుస్తూ గొడుగు తీసుకెళ్లి బోర్డు మీద పట్టాడు. నేను తడుస్తున్నాను, డెబ్బయ్యేళ్ల చాచా తడుస్తున్నాడు, వడ్లు కొట్టుకుపోతున్నాయి. గొడుగు కింద సముద్రపు చెక్క.

సగం వడ్లు కుప్పయ్యాయి. పరద కప్పాం. మిగిలిన సగం మోరీలోకి పోయాయి, కొన్ని రోడ్డు అంచు మట్టిలో కూరుకుపోయాయి. అరగంటలో వాన వెలిసింది. మళ్లీ ఎండ కాసింది. ఆ ఎండను చూస్తే ఒళ్లు మండింది.

మా ఆయన సాయంత్రం తడవకుండా వచ్చాడు. సుచిత్రలో వాన పడనే లేదట. మోరీ దగ్గర జల్లెడతో వడ్లు ఎత్తుతున్న నన్ను చూసి ఆగాడు.

"మూడు సూర్యుళ్లంటివి?"

"నువ్వు కోడికూర తింటివి గద. ఇగ పట్టు, జల్లెడ."

పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున సారు ముందు టీ పెట్టాను. పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. బోర్డును సోఫా మీద పడుకోబెట్టి, దాని మీది గీతల్ని వేలితో తడుముతున్నాడు. ముఖం చూస్తే ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినట్టుంది. మా వడ్లు ఎంత పోయాయని అడగలేదు. ఫోను తీసి చూసి నిట్టూర్చాడు.

"అంతా పాడైందమ్మా."

ఒక్క క్షణం నా గుండె కరిగింది.

"అక్కడున్న మా ఫ్రెండ్ మెసేజ్ పెట్టాడు. నిన్న అక్కడ కూడా వానేనట. గాలి తిరిగిపోయి అలలన్నీ చెడిపోయాయట. ఫోన్లో ఎండ అని చూపించింది కదా, చూశావుగా నువ్వు కూడా."

అంటే ఆ సూర్యుళ్లు ఆ దీవికీ పనికిరాలేదు. నేను నమ్మి చెడింది మా ఊరిది కాని అబద్ధాన్ని.

"అక్కడ గిట్ల వడ్లు ఎండబోసిన్రా సార్?" అన్నాను.

"వడ్లా? అక్కడ వరి ఉండదమ్మా, కొబ్బరి చెట్లే," అని చాలా శ్రద్ధగా చెప్పాడు.

కుప్ప చేసిన సగాన్ని ఇంకో నాలుగు రోజులు ఎండబెట్టి సెంటరుకు వేశాం. తీసుకున్నారు. చాచా వడ్లను మొదటి రోజే తీసుకున్నారు. మోరీలోంచి ఎత్తిన వాటికి అప్పటికే తెల్ల మొలకలు వచ్చాయి. ఏరి, కడిగి, ఎండబెట్టి, ఇంటి తిండికే మిల్లులో పట్టించాం. బియ్యం నల్లగా, ముక్కలు ముక్కలుగా వచ్చాయి. వండితే ముక్కిన వాసన. వానాకాలమంతా అదే తిన్నాం. చాచా మాత్రం ఇప్పటికీ ఎదురుపడితే ఆగుతాడు. "సూర్యుళ్లు ఖైరియత్‌గున్నరా బేటీ? మంచిగనేనా?"

ఒకరోజు సారు ఇంట్లో బియ్యం అయిపోయాయి. దుకాణం దూరం, ఆయనకు ఆకలి. మా ఇంట్లోవి తెచ్చి వండి పెట్టాను. దాచలేదు, మా ఇంటివే అని చెప్పాను. మేము తినేదే కదా.

ఆయన ముద్ద వాసన చూశాడు. కళ్లు మూసుకుని నమిలాడు.

"ఈ వాసన షాపు బియ్యానికి రాదమ్మా. దేశీ రకమా?"

"మీ గేటు ముంగట ఎండినయే సార్."

"అదీ తేడా," అని తలాడించి మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను.