పల్లంరాజు గారి అడవిపంది

పల్లంరాజు గారికి ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ మాట ఎత్తినా సరే, దాన్ని మెల్లగా తోలుకుంటూ గోదావరి మధ్యలో ఉన్న తన చిన్ననాటి లంకకి తీసుకుపోతారు. అక్కడ గేదెల మందలో కలిపేస్తారు. చివరికి ఒక అడవిపందిని చంపితేగాని వదలరు. రాజమండ్రిలో ఆయన్ని ఎరిగినవాళ్ళలో సగం మందికి ఆయన ఇంటిపేరు తెలియదు గాని, ఆ పంది ఏ పొదలోంచి వచ్చిందో తెలుసు.

అందరికంటే బాగా తెలిసింది ఆయన భార్య నాగదుర్గకి. పెళ్ళైన మర్నాడు, పందిట్లో అరటిగెలలు ఇంకా దింపకముందే మొదటిసారి విన్నదావిడ. అప్పట్లో ఆ పంది మేకంత ఉండేది. ఆయనకి పాలకేంద్రంలో సూపర్‌వైజరుగా ప్రమోషన్ వచ్చేసరికి పెయ్యదూడంత అయింది. రిటైరై, అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తుకి చేరేసరికి దున్నపోతంత అయి, కోరలు కూడా మొలిచాయి.

"మొదట్లో కోరల్లేవు కదండీ?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"చీకట్లో కనపడలేదే."

"మిట్టమధ్యాహ్నం అన్నారుగా!"

"పొదలో చీకటి," అన్నారు పల్లంరాజు గారు, ఏ మాత్రం తొణక్కుండా.

పక్క ఫ్లాటాయన కొత్త కారు కొన్నానని మిఠాయి తెచ్చి ఇస్తే, ఆ మిఠాయి నోట్లో వేసుకుంటూనే, "మా గౌరికి క్లచ్చు ఉండేది కాదండీ. మడమతో తడితే కుడికి, తోక మెలేస్తే ఎడమకి," అని మొదలెట్టారు. గౌరి అంటే ఆయన చిన్నప్పుడు ఎక్కి తిరిగిన గేదె. తణుకులో చుట్టాల పెళ్ళికి వెళ్తే, విస్తట్లో పన్నీరు కూర చూసి నిట్టూర్చి, చలికాలంలో లంకలో దిగే పరజపిట్టల్ని వలేసి ఎలా పట్టాలో, ఈకలు ఎలా పీకాలో, ఏ మసాలా దట్టించాలో వివరంగా చెప్పారు. ఎదురు పంక్తిలో కూర్చున్న పురోహితుడు గారు విస్తరి వదిలేసి లేచిపోయారు.

పళ్ళ డాక్టరు దగ్గర జరిగింది ఇంకా ఘోరం. పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఓ బక్కపలచని కుర్రాడు బెంచీ మీద వణుకుతూ కూర్చున్నాడు. పల్లంరాజు గారు వాడి పక్కన చేరారు. నర్సు వచ్చి పిలిస్తే, "ఒక్క నిమిషం మేడమ్, పంది ఇటు తిరిగింది," అన్నాడు ఆ కుర్రాడు. డాక్టరు గారే బయటికి రావలసి వచ్చింది. వచ్చినాయన వెంటనే లోపలికి వెళ్ళలేదు. ఆయనా నిలబడి విన్నారు.

నాగదుర్గ చేయని ప్రయత్నం లేదు. దగ్గి చూసింది. "ఆ గొంతుకి మిరియాల పాలు తాగవే," అన్నారాయన. కాలు తొక్కి చూసింది. "ఎందుకే కాలు తొక్కుతావు?" అని నలుగురిలో గట్టిగా అడిగారు. మొన్నామధ్య ఇంట్లో ఒక చట్టం పెట్టింది. గేదెల సంగతి అయితే భోంచేసేటప్పుడు చెప్పుకోవచ్చు. పంది మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు. దాంతో ఆయన గుమ్మం బయట కుర్చీ వేసుకుని, లిఫ్టు కోసం నిలబడేవాళ్ళకి చెప్పడం మొదలెట్టారు.

సరిగ్గా ఆ లిఫ్టులోనే, ఒక ఎండాకాలం ఉదయం, ఆ దంపతులు ఇరుక్కున్నారు.

కూరల సంచీతో బజారు నుంచి వస్తున్నారు. కింద ఫణిశ్రీ వాళ్ళతో పాటు లిఫ్టెక్కింది. కొత్తగా అద్దెకి దిగిన అమ్మాయి. నెలలు నిండుతున్నాయి. ఆసుపత్రిలో చూపించుకుని వచ్చింది. మొగుడు ఉదయ్‌కుమార్ కింద బండికి నీడ వెతుకుతున్నాడు. లిఫ్టు మూడో అంతస్తు దాటి, ఒక్కసారి కుదిపి, ఆగిపోయింది. దీపం ఆరింది. ఫ్యాను ఆగింది. తలుపు కంతలోంచి వచ్చే కాస్త వెలుతురు మిగిలింది. ఫోనుకి సిగ్నల్ లేదు.

కాసేపటికి పైనుంచి అసోసియేషన్ సెక్రటరీ సురేష్‌బాబు గొంతు వినపడింది. "కంగారు పడకండీ! జనరేటరు ఉందండీ! డీజిల్ లేదండీ! మెకానిక్కి ఫోన్ చేశానండీ! ఎత్తట్లేదండీ!"

ధైర్యం చెబుదామనే వచ్చాడు పాపం. అతని ఒక్కొక్క మాటకీ ఫణిశ్రీ మొహం పాలిపోయింది. గోడకి చేరగిలబడి, రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

"ఆంటీ, నాకు ఊపిరి ఆడట్లేదు... ఆంటీ..."

"ఏం కాదమ్మా, ఇప్పుడు వచ్చేస్తుంది," అంటూ నాగదుర్గ కొంగుతో విసరడం మొదలెట్టింది.

అప్పుడు పల్లంరాజు గారు సంచీ కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు ఎందుకో నాగదుర్గకి తెలుసు.

"అమ్మాయ్, నువ్వెప్పుడైనా గేదెనెక్కావా?"

"ఏవండీ! ఇప్పుడా! ఇక్కడా!" అంది నాగదుర్గ. చేతిలో ఉన్న సొరకాయతో ఒక్కటి వేద్దామనిపించింది.

ఆయన వినిపించుకోలేదు. "మా గౌరి అని ఉండేదిలే. పొద్దున్నే దానిమీద కూర్చుని ఏటిపాయ దాటి లంకలోకి మేతకి పోయేవాళ్ళం. నీళ్ళు మెడ దాకా వచ్చేవి. నాకేమో గుండె దడ. అదేం చేసేదో తెలుసా? తొందరపడేది కాదు. ముక్కు పైకెత్తి, బుస్సుమని ఊపిరి వదిలేది. ఎలాగంటే... బుస్స్!" అని వదిలారు. "నువ్వు చెయ్యి చూద్దాం."

ఫణిశ్రీ బిత్తరపోయి చూసింది. పెద్దాయన మాట కాదనలేక చిన్నగా వదిలింది.

"అది మేకమ్మా. గేదె ఇంకా బాగా చేస్తుంది. నాగదుర్గా, నువ్వు చేసి చూపించు."

"నేనా!"

"నువ్వే. బాగా చేస్తావు."

ఆ మాటకి కోపంతో ఆవిడ వదిలిన ఊపిరి అచ్చం గేదెలాగే వచ్చింది. ముగ్గురూ కలిసి వదిలారు. మళ్ళీ వదిలారు. పైనుంచి సురేష్‌బాబు కంగారుగా అరిచాడు. "లోపల ఏంటండీ ఆ చప్పుడు? పామాండీ?"

ఫణిశ్రీకి నవ్వొచ్చింది. నవ్వులో ఊపిరి కూడా దారిన పడింది.

అక్కణ్ణుంచి కథ లంకలోకి దిగింది. రెల్లుదుబ్బులు, వాటి చాటున నక్కలు, ఇసకలో కాల్చుకుని తిన్న చిలగడదుంపలు, మధ్యాహ్నం గేదెలు నీళ్ళలో పడుకుంటే వాటి వీపుల మీద ఆరేసిన చొక్కాలు. ఆ తర్వాత పొద కదిలింది. పంది వచ్చింది. నాగదుర్గ కళ్ళు మూసుకుంది. ఆవిడకి ప్రతి మాటా కంఠతా వచ్చు. ఇప్పుడు పంది ఇటు తిరుగుతుంది, ఇప్పుడు కుక్క మొరుగుతుంది, ఇప్పుడు బల్లెం విసురుతారు, పంది చస్తుంది.

పంది చావలేదు.

నాగదుర్గ కళ్ళు తెరిచింది. బల్లెం గురి తప్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు! పంది ఏట్లో దూకింది. ఈదుకుంటూ గట్టెక్కింది. కడియం నర్సరీల్లో పడి గులాబీ మొక్కలన్నీ తొక్కేసింది. మొక్కల లారీ ఎక్కి కూర్చుంది.

"లారీ ఎక్కిందా అంకుల్? నిజంగా?" అంది ఫణిశ్రీ.

"ఎక్కక! డ్రైవరు పక్క సీటే అడిగింది."

ఇదేం కథ అనుకుంటూ నాగదుర్గ ఆయన వైపు చూసింది. చూసి ఆగిపోయింది. పల్లంరాజు గారి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పెదాలు ఆరిపోయాయి. వెనక్కి పెట్టుకున్న చెయ్యి లిఫ్టు గోడకున్న కమ్మీని పట్టుకుని గజగజ వణుకుతోంది. గొంతు మాత్రం వణకలేదు. పంది లారీలో ఉంది. దాన్ని ఎక్కడ దింపాలో ఆయనకి తోచడం లేదని ఆవిడకి అర్థమైంది.

నాగదుర్గ కొంగు నడుముకి బిగించింది.

"అసలు సంగతి మీ అంకుల్ మర్చిపోయారమ్మా," అంది. "ఆ పందికి పిల్లలు కూడా ఉన్నాయి. అవి ఇంకో లారీ ఎక్కాయి."

పల్లంరాజు గారు నోరు తెరిచి భార్యని చూశారు.

ఆ పిల్లలు ఉప్పాడ వెళ్ళి చీరల కొట్లో దూరి, నేతగాళ్ళ పడుగు దారాల్లో చిక్కుకుని అల్లరల్లరి చేస్తుండగా, లిఫ్టు కుదిపింది. దీపం వెలిగింది. తలుపు తెరుచుకునేసరికి ఉదయ్‌కుమార్ ఏడుపు మొహంతో నిలబడి ఉన్నాడు. లోపల భార్య పకపకా నవ్వుతోంది.

ఇంట్లోకి వచ్చాక పల్లంరాజు గారు కుర్చీలో కూలబడ్డారు. నాగదుర్గ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తాగించింది.

"మీకంత భయమైతే ఆ కథలెందుకండీ?"

ఆయన మూతి తుడుచుకున్నారు. "చిన్నప్పుడు ఓసారి లంకకి వరదొచ్చిందే. గేదెల కాపరి సత్తియ్య, మేం పిల్లలం, పాక కప్పు మీద. కింద నీళ్ళు పెరుగుతున్నాయి. మేం ఏడుస్తుంటే ఈ పంది కథ ఎత్తుకున్నాడు. పడవ వచ్చేదాకా దాన్ని చావనివ్వలేదు."

"అంటే ఆ పంది మీది కాదా?"

"నాదేంటి! నేను ఉండేలు పడితే పిట్టలు అక్కడే కూర్చుని ఈకలు సర్దుకునేవి."

"పోనీ, సత్తియ్య చంపాడా?"

"వాడా? బల్లిని చూస్తే పాకలోకి వచ్చేవాడు కాదు." నవ్వారాయన. "ఎవరైనా భయపడుతుంటే నాకు ఆ కప్పే గుర్తొస్తుందే. అసలే ఆగని నోరు, ఇంక ఆగదు."

నాగదుర్గ పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆవిడే అడిగింది. "ఆ వరద సంగతి చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి."

"ఏముందే చెప్పడానికి? పడవొచ్చింది. ఎక్కాం," అని పల్లంరాజు గారు పేపరు తీసుకున్నారు.

"వద్దన్న కథ వందసార్లు! అడిగిన కథ ఒక్క ముక్క! మిమ్మల్ని..." అని ఆవిడ లేవబోతుంటే గంట మోగింది. గుమ్మంలో ఉదయ్‌కుమార్.

"ఏం లేదండీ... ఆ పంది చివరికి ఏమైందో కనుక్కుని రమ్మందండి మా ఆవిడ. తెలిస్తేగాని నడుం వాల్చనంటోందండి."

పల్లంరాజు గారు గొంతు సవరించుకున్నారు. నాగదుర్గ ఆయన్ని చేత్తో ఆపి, ఆ అబ్బాయికి కుర్చీ లాగింది.

"లోపలికి రా బాబూ, కూర్చో. నేను చెబుతాను. ఆయనకి సరిగ్గా చెప్పడం రాదు."