పడిశం పట్టిన రోజు పాడిన పాట

నా చిన్నప్పుడు ఖాజాగూడలో తెల్లారిందంటే సుత్తి దెబ్బలు వినపడాల్సిందే. మా ఇంటిల్లిపాదీ బండలు కొట్టి బతికేవాళ్లం. ఇప్పుడు అదే ఊళ్లో ఆఫీసుకు వెళ్లే మా మనవడికి ఆ బండలు ఏమయ్యాయో తెలియదు. చెబితే వినడు. వినకపోతే వాడిష్టం, నేను మాత్రం చెప్పడం మానను.

తెలంగాణ కావాలని జనం మొదటిసారి రోడ్డెక్కిన రోజులవి. బళ్లు మూతబడ్డాయి. మా ఊళ్లో కూడా చెరువు పక్కన సభ పెట్టారు. పట్నం నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు బండల దగ్గర నా పాట విని, సభలో మొదటి పాట ఈ పిల్లే పాడాలన్నారు. మా ఊరి పెద్దమనిషికి అది మింగుడుపడలేదు. బండలు కొట్టేవాళ్ల ఆడపిల్ల అందరి ముందూ నిలబడి పాడడమేమిటని ఆయన కడుపుమంట. తన కొడుకుతో పాడించాలని చూశాడు గానీ, ఆ కాలేజీ పిల్లలు ఒప్పుకోలేదు.

సరిగ్గా ఆ వారమే ఊరంతటికీ పడిశం పట్టుకుంది. ఏ ఇంట్లో చూసినా దగ్గులూ తుమ్ములే. సభ రోజు పొద్దున నేను లేచేసరికి ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది. ఒక్క చరణం కూడా గుక్క తిప్పుకోకుండా పాడలేకపోయాను. ఆ మాట ఎలా తెలిసిందో, పెద్దమనిషి మా వాకిట్లోకి వచ్చి మరీ, "పిల్లకు పానం బాగలేదు గద, పండుకోనియ్యిండ్రి. మావోడు పాడుతడు తియ్యి" అన్నాడు. అమ్మ సరేనని తలూపింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు ఇంకా బిగుసుకుంది.

అప్పుడు కల్పించుకుంది మా మేనత్త. ఆమె నోటికి ఊళ్లో మగవాళ్లు కూడా జంకేవారు. మా ఇళ్లలో ఒక అలవాటుండేది. పని నుంచి రాగానే ఆడవాళ్లు రాతిదుమ్ము పోయేలా ముక్కు కడుక్కునేవాళ్లు. మరగకాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, కొమ్ముచెంబుతో ఒకవైపు పోస్తే రెండోవైపు నుంచి వచ్చేస్తాయి. కానీ అది దుమ్ముకే. పడిశం పట్టినప్పుడు పోస్తే నీళ్లు తలకెక్కుతాయని అందరికీ భయం. అంటే ముక్కు బాగున్నప్పుడు రోజూ కడగడం, బిగుసుకున్నప్పుడు ముట్టుకోకపోవడం. అదీ మా తెలివి.

"దుమ్ముకొక ముక్కు, పడిశానికొక ముక్కు ఉంటదా వదినే?" అని మేనత్త అమ్మను నిలదీసింది. ఆమెకూ పడిశమే. పెద్దమనిషి చూస్తుండగానే వాకిట్లో కూర్చుని, తల పక్కకు వంచి ముందు తన ముక్కులో పోసుకుంది. చీది, తుడుచుకుని, నన్ను పిలిచింది. నోటితో గాలి తీసుకోమంది. మొదట చుక్క కూడా కదల్లేదు. కాసేపటికి కొంచెం కారింది, తర్వాత ధారగా వచ్చింది. ముక్కులోకి గాలి రాగానే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పడిశం పోయిందా అత్తా అని అడిగాను.

"పోలె బిడ్డా. అది పోయినప్పుడే పోతది. జరసేపు గాలాడుతది, గంతే. గా జరసేపట్ల నీ పాట నువ్వు పాడు."

పాడాను. సభలో వేదికెక్కాక సగం పాటకే ముక్కు మళ్లీ బిగుసుకుంది, గొంతు కూడా బొంగురుపోయింది. దిగమని పెద్దమనిషి చెయ్యి ఊపాడు. మేనత్త ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నిలబడి, "దిగకు" అంది. నేను దిగలేదు. నోటితో గాలి తీసుకుంటూ, దగ్గుతూ, చివరి చరణం దాకా పాడాను. అది వినసొంపుగా లేదని నాకూ తెలుసు. అయినా అది నా పాట, నేనే పాడాను.

ఇప్పటికీ పడిశం వస్తే ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటాను. అది రోగాన్ని తరిమేస్తుందని ఎవరికీ చెప్పను, కాస్త ఊపిరాడుతుందంటాను. ఆ తర్వాత బతుకులో ఒంట్లో బాగలేనప్పుడూ, చేతిలో పని లేనప్పుడూ, మొగుడు పోయినప్పుడూ, నువ్వు పక్కకు జరుగు, మేం చూసుకుంటాం అని ఎంతమంది వచ్చారో. ఎవరి కోసమూ నేను పక్కకు జరగలేదు. ఉన్న కాస్త ఊపిరితోనే నా మాట నేను చెప్పుకున్నాను.