నర్సమ్మగారి ఆయాసపు బడి

మా వీధి నర్సమ్మగారు పోయారని మొన్న బుధవారం కళ్లంలో రెండో పంట దాళ్వా ధాన్యం ఎగరబోస్తుండగా ఫోన్ వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన దగ్గర్నుంచి మా రైతులకి ఆయాసంతో ఎలా నెగ్గుకురావాలో నేర్పిన మనిషి. డెబ్బై దాటాయి, గుండె ఆగిపోయిందట. నాకు ముందు కోపమే వచ్చింది, ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు కదా అని.

ధాన్యం దుమ్ముకి నాకు పిల్లికూతలు మొదలై ఆరేళ్ళు. డాక్టరుగారు ఇన్‌హేలర్ రాశారు. అది మొదలెడితే మనిషి పని అయిపోయినట్టేనని మా ఊళ్ళో నమ్మకం. పైగా నాది కౌలు సేద్యం. నాకు ఆయాసమని తెలిస్తే పొలంగలాయన ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం. అందుకే గడ్డిమేటు వెనక్కి పోయి, ఒక నొక్కు నొక్కి, మూతి తుడుచుకుని వచ్చేసేవాణ్ణి. ఎన్నిసార్లు నొక్కినా తగ్గేది కాదు. మందే కల్తీదని తిట్టుకునేవాణ్ణి.

మా ఆవిడ పట్టుబట్టి నర్సమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళింది. "ఏదీ, నా ముందు వాడు తమ్ముడూ" అన్నారావిడ. వాడాను. తెల్లటి పొగంతా నోట్లోంచి బయటికొచ్చేసింది.

"దేవుడికి ధూపం వేస్తున్నావేంటి? మందు లోపలికెళ్ళాలి, మీసాలకి కాదు."

గంటసేపు కూర్చోబెట్టి నేర్పారు. సేద్యం మానేస్తానంటే కసిరారు. "మానెయ్యమని ఎవరన్నారు? నిలబడే చోటు మార్చుకో." మర్నాడు గొడుగేసుకుని కళ్లానికే వచ్చి, గాలి ఎటు వీస్తోందో చూసి, నన్ను దుమ్ము రాని వైపు నిలబెట్టారు. మాస్కు పెట్టించారు. కళ్లంలో చుట్టుకున్న తలగుడ్డనే పడుకునేటప్పుడు తలకింద పెట్టుకుంటానని మా ఆవిడ చాడీ చెబితే, "దుమ్ముని పక్కలో పడుకోబెట్టుకుంటున్నావన్నమాట" అని నవ్వారు.

నూర్పిళ్ళ రోజుల్లో సాయంత్రం ఫోన్ చేసి ఆ కబురూ ఈ కబురూ చెప్పించేవారు. నా మాట మధ్యలో తెగుతోందేమో వినడానికని తర్వాత తెలిసింది. "మాట పూర్తి చెయ్యలేకపోతే నాకు కాదు, ఆసుపత్రికి పరుగెత్తు" అనేవారు. నేనివాళ సేద్యంలో ఉన్నానంటే ఆవిడ చలవే.

కడసారి చూడటానికి వెళ్ళాను. మా పొలంగలాయనా వచ్చారు. ఎండలో గబగబా నడిచారేమో, షామియానా కిందకి వచ్చేసరికి ఎగశ్వాస. జేబులోంచి ఇన్‌హేలర్ తీశారు! ఆయన నొక్కితే మందంతా గాలిలో కలిసిపోయింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ అంతే.

నోరు మూసుకుంటే నా కౌలుకి ఢోకా లేదు. చెప్పానా, నా గుట్టు బయటపడుతుంది. ఎదురుగా ఆవిడ పడుకుని ఉన్నారు. ఉండబట్టలేకపోయాను.

"అలా కాదండి. ముందు ఊపిరంతా వదిలెయ్యండి. నొక్కుతూ మెల్లగా పీల్చండి. పది లెక్కపెట్టేదాకా వదలకండి."

"నీకూ... ఉందేంటయ్యా?"

"ఆరేళ్ళ నుంచీ ఉందండి. మీ పొలం ఈ ఊపిరితోనే చేస్తున్నాను."

ఆయన నన్ను తేరిపార చూశారు. నా భుజం మీద చెయ్యి వేసి, ఊపిరంతా వదిలి, నొక్కి పీల్చి, కళ్ళు మూసుకుని పెదాలు బిగించారు. నేను లెక్కపెడుతున్నాను. పక్కనున్న ఇద్దరు రైతులు కూడా, ఎవరూ చెప్పకుండానే, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.