బావకు పదిహేడో ఎక్కం

ఆపరేషన్ రోజు మా బావ పోగొట్టుకున్నవి: ఉబ్బిన ధమని ముక్క ఒకటి, పన్నెండు డిగ్రీల ఒంటివేడి, మెడ కింది ఒంటికి ముప్పై ఒక్క నిమిషాల రక్తప్రసరణ, ఛాతీ మీది వెంట్రుకలన్నీ, సగం గొంతు. వేడి, రక్తం అదే రోజు తిరిగొచ్చాయి. వెంట్రుకలకు నెల పట్టింది. గొంతు నరం ఆ ధమని వంపు కిందుగానే పోతుందట, అది తేరుకోవడానికి ఐదు నెలలు.

బావ అంటే మా అక్క భర్త, నాచారం ఫ్యాక్టరీలో పైపుల ఫిట్టర్. గుండె నుంచి బయలుదేరి ఛాతీ పైభాగంలో వంగే పెద్ద ధమనిని కోసి, అక్కడ పాలిస్టర్ గొట్టం కుడతామని డాక్టర్ చెప్పాడు. కుట్టేంతసేపు ఒంటిని ఇరవై ఐదు డిగ్రీలకు చల్లబరిచి, రక్తాన్ని మెదడుకు మాత్రమే పంపుతారు. చాలామంది కోలుకుంటారు, కొందరికి మెదడు దెబ్బతింటుంది అన్నాడు. కొందరంటే ఎందరని నేను మూడుసార్లు అడిగాను. బావ అడిగింది వేరు.

"గుడ్డ గొట్టం కారదా సార్? టెఫ్లాన్ టేపు సుడ్తరా?"

కుట్ల దగ్గర టెఫ్లాన్ పట్టీలే వేస్తామని డాక్టర్ నవ్వాడు. బావ వెంటనే సంతకం పెట్టాడు.

ఆపరేషన్‌లో తొమ్మిది బాటిళ్ల రక్తం ఎక్కించారు. అన్నీ మనవాళ్లతో తిరిగి ఇప్పించాలని బ్లడ్ బ్యాంకు వాళ్లన్నారు. ఫ్యాక్టరీ వాళ్లు షిఫ్టు దిగి బండ్ల మీద వచ్చి ఇచ్చిపోయారు.

మర్నాడు బావ నోట్లోంచి ఊపిరి గొట్టం తీశాక, మెదడు ఎంత మిగిలిందో తేల్చుకుందామని పదిహేడో ఎక్కంలో పదిహేడు ఏళ్లెంత అని అడిగాను. బావ పైకప్పు చూశాడు. పోనీ పదిహేడు మూళ్లెంత అన్నాను. కళ్లు మూసుకున్నాడు. నేను బయటికొచ్చి అక్కకు చెప్పాను.

"తమ్మీ, ఆయనకు ఆ ఎక్కం గుండె మంచిగున్నప్పుడు సుత రాలె," అంది అక్క.

అయినా నా భయం పోలేదు. రానిదాన్ని అడిగితే ఏం తేలినట్టు? మళ్లీ లోపలికెళ్లి, బావ సంతోషిస్తాడని, ఎక్కించిన తొమ్మిది బాటిళ్ల సంగతి చెప్పి, రక్తమిచ్చిన వాళ్ల పేర్లన్నీ చదివాను.

బావ బొంగురు గొంతుతో మెల్లగా అన్నాడు: "తొమ్మిదంటివి. ఎనిమిదే జెప్పినవ్. సూదికి భయపడ్డవా బామ్మర్దీ?"

మెదడు మొత్తం ఉంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. వచ్చే వారం ఇస్తానని మాటిచ్చాను.

రెండేళ్లయింది. ప్రతి స్కానులోనూ బావ గొట్టం బాగుంది. నేను ఉప్పల్‌లోని ఆ బ్లడ్ బ్యాంకు మెట్ల దాకా నాలుగుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. ఇంకా ఇవ్వాల్సింది ఒక బాటిల్.