దిద్దని మాటలు

ఈ ఉదయం పెనం మీద మక్కపిండి రొట్టె మాడింది. ఆ వాసన వస్తే చాలు, మార్తా మేడం మా వంటింటి గడపలో నిలబడినట్టే ఉంటుంది నాకు. ఖతార్‌లో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఈ ఇరుకు ఫ్లాట్‌లోనే మొదటిసారి ఆ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, "స్వరూపా, ఇది మా అమ్మ చేసేదే. మీ ఊరికి ఎలా వచ్చింది?" అని నన్నే దబాయించింది. ఆమెది కొలంబియా. వాళ్ళలా స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి ఖతార్‌కు వలస వచ్చిన కుటుంబాల్లో, పిల్లల నోట స్పానిష్ ఎంత మిగిలిందో పరిశోధించేది. ఆమె వెంట ఇళ్ళకు వెళ్ళి మాటలు రికార్డు చేయడం నా డ్యూటీ. ఆ భాషలో వంటింటి మాటలు నాలుగు తప్ప నాకేమీ రావు. మీట నొక్కడానికి భాషతో ఏం పని?

మేడం ప్రశ్నలు అడిగేది కాదు. పెద్దవాళ్ళనూ పిల్లలనూ పొయ్యి దగ్గర నిలబెట్టి, వంట చేస్తూ మాట్లాడుకోమనేది. ఒకసారి అల్ అజీజియా పేటలో ఒక ఇంట్లో తండ్రి, కొడుకు నోరు తెరిచినప్పుడల్లా తప్పు దిద్దుతున్నాడు. పిల్లవాడు గరిటె పెట్టేసి గోడకు ఒరిగాడు. మేడం ముఖం జేవురించింది. "దయచేసి దిద్దకండి. ఉప్పు అందించమనండి, చాలు" అంది.

తిరుగుదారిలో, అంత కోపం ఎందుకని అడిగాను. రోడ్డు వంకే చూస్తూ చెప్పింది.

"మా అమ్మాయి క్లారా చిన్నప్పుడు వసపిట్టలా మాట్లాడేది. ప్రతి మాటా దిద్దాను. బళ్ళో పంతులమ్మను కదా అప్పుడు! ఒకరోజు నోరు మూసుకుంది. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. నేను స్పానిష్‌లో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది."

మరుసటి వేసవిలో మేడంకు పక్షవాతం వచ్చింది. అది ఆమె ఇంగ్లీషునూ అరబ్బీనీ తుడిచిపెట్టింది. స్పానిష్ ఒక్కటే మిగిలింది, అదీ ముక్కలు ముక్కలుగా. ఆసుపత్రిలో క్లారా మంచం పక్కనే కూర్చుని ఎడతెగకుండా ఇంగ్లీషులో ధైర్యం చెప్పేది. తల్లికి ఒక్క ముక్క ఎక్కేది కాదు. కూతురి ముఖంలోకి చూస్తూ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడిగేది.

"ఏమంటోంది?" అన్నాను.

"నాతో ఎందుకు మాట్లాడవు అంటోంది."

"అయితే మాట్లాడు తల్లీ. తప్పులైతే మాత్రం ఏమైంది?"

"మీరు చెప్పండి ఆంటీ. అమ్మ ముందు నాకు నోరు పెగలదు."

నాకొచ్చిన నాలుగు మాటలూ కూడగట్టుకుని, "క్లారా ఇక్కడే ఉంది" అని స్పానిష్‌లో చెప్పాను. మేడం నా వైపు తిరగనైనా లేదు. కూతురినే చూస్తూ ఉండిపోయింది. మరునాడు తెల్లవారకముందే పోయింది.

శవాన్ని కొలంబియాకు పంపేముందు చివరిచూపుకు వెళ్ళాం. క్లారా తల్లి చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది. స్పానిష్‌లోనే, తడబడుతూ, మధ్యలో ఇంగ్లీషు కలుపుతూ. ఒక మాట చెప్పి ఆగేది, తల్లి ముఖం వంక చూసేది, మళ్ళీ చెప్పేది. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడినా ఆపలేదు. దిద్దేవాళ్ళు లేకపోయాక గానీ ఆ పిల్లకు మాట రాలేదు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఇవాళ రొట్టె మాడింది మా వాడి కాపలాలోనే. ఇక్కడే పుట్టినవాడు, తెలుగు అంతంత మాత్రం. "అమ్మా, రొట్టె నల్లగ అయిండు, జల్దీ రా!" అని అరిచాడు. సరైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"వస్తున్న బిడ్డా. ఇంకేమైందో చెప్పు" అన్నాను.