కంభంలో దిగని పెద్దాయన

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కిన గొర్రెల కాపరి ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో గొర్రెలకు పట్టే మందు సీసా ఉంది. మందలో అప్పటికే నాలుగు చచ్చిపోయాయట, మిగిలినవి మేత ముట్టడం లేదట.

నేను ఫోన్లో ఫ్రీ జాజ్ అనే పాశ్చాత్య సంగీతం వింటున్నాను. ఏదో కచేరీలో రికార్డు చేసింది. అందులో నాకు బాగా ఇష్టమైన చోటు ఒకటుంది. డ్రమ్ములు ఉన్నట్టుండి ఆగిపోతాయి. సాక్సోఫోన్ ఒక్కటే రాగం, తాళం వదిలేసి గొంతు చించుకుంటుంది. అది బయటికి వినబడిందేమో, ఆయన చెయ్యి చాపాడు. ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను.

కాసేపు విని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవరు పోయినారు నాయనా ఈ ఏడ్చే ఆయనకు?"

"ఎవరూ పోలేదు పెద్దాయనా, అది సంగీతం."

"కాదులే. మా పిల్లోడు పోయినప్పుడు మా ఇంటామె ఇట్లనే ఏడ్చింది. మొదట వాని సంగతులు చెప్పి చెప్పి ఏడ్చింది. మర్నాటికి మాటలు అయిపోయినాయి, అరుపే మిగిలింది."

కంభం వచ్చింది. ఆయన దిగాల్సింది అక్కడే. లేవమన్నాను.

"ఏడ్చే మనిషిని వదిలి మధ్యలో లేచిపోతామా?" అన్నాడు. కదల్లేదు.

నేను రికార్డు ఆపేస్తే సరిపోయేది. ఆపబుద్ధి కాలేదు. రైలు కదిలింది.

సాక్సోఫోన్ ఆగింది. వెంటనే రికార్డులో హాలంతా చప్పట్లు, ఈలలు. ఆయన ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్ లాగేశాడు.

"ఏంది నాయనా ఇది? అంత ఏడ్చినోడికి చప్పట్లు కొడతన్నారేంది?"

గిద్దలూరులో ఆయన మందు సీసా చంకన పెట్టుకుని, వెనక్కి పోయే బస్సు ఎక్కడాగుతుందో అడుగుతూ వెళ్లిపోయాడు.

రికార్డులో ఆ చోటు వచ్చినప్పుడల్లా ఇన్నేళ్లూ నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి, ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని.